పేరు లేని బిడ్డకు పూజ

సైకిలు తొక్కే ఆడమనిషిని ఆ చుట్టుపక్కల జనం మొదట చూసింది జయమణినే. జగ్గయ్యపేట అవతల, రాతి క్వారీల పక్కనున్న పేటలో పుట్టింది. మిషను బళ్లో చదివి, నందిగామలో నర్సు పని నేర్చి, సర్కారు ఏఎన్నెమ్ అయింది. తన చేతి కింది పల్లెల్లో టీకా పడని పసిబిడ్డ లేకుండా చేసింది. పోలియో చుక్కల్లో మండలానికే పేరు తెచ్చింది. పంద్రాగస్టు నాడు కలెక్టరుగారు ఇచ్చిన ప్రశంసాపత్రం ఇప్పటికీ వాళ్లింట్లో మరియమాత పటం పక్కనే ఉంటుంది. జోరువానలో వాగు దాటి కాన్పులు చేసిన సంగతి ఆమెను అడగనక్కర్లేదు, ఆ కాన్పుల్లో పుట్టినవాళ్లే చెబుతారు.

వీటన్నిటికంటే ఆమె తలెత్తుకుని చెప్పుకునే సంగతి ఇంకొకటుంది. సర్కారు కొలువు రాకముందు నందిగామలో ఒక ప్రైవేటు నర్సింగు హోములో చేసేది. ఒకనాడు కడుపు తీసే ఆపరేషనుకు సామాను సర్దమన్నారు.

"బాత్రూములు కడగమన్నా కడుగుతా డాక్టరుగారూ. ఇది మాత్రం నా చేత్తో చెయ్యను," అంది.

మర్నాటి నుంచి రావద్దన్నారు. టిఫిను డబ్బా చేత పట్టుకుని బస్సెక్కి వచ్చేసింది. తరవాత సర్కారు ఉద్యోగంలోనూ ఆ గీత దాటలేదు. కడుపు వద్దనుకున్న తమ పేట మనిషి బేబికి నచ్చజెప్పి, నెలనెలా మందులు మోసి, కాన్పు చేసింది. అప్పుడు పుట్టిన పిల్ల జాయిస్ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

అలాంటి మనిషి ఇంటికి, కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఏప్రిల్లో, చెల్లెలి కూతురు సూసన్ చెమటలు కక్కుకుంటూ వచ్చింది. జయమణి రిటైరయ్యాక ఆమె చేసిన హెల్తు సెంటర్లో ఏఎన్నెమ్ తనే.

"పెద్దమ్మా, బళ్లో క్యాంపు పెట్టి కూర్చుంటే మన పేటోళ్లు ఒక్కరూ రావట్లా. బేబి పిన్నికి వాట్సాపొచ్చిందంట, కడుపులో చంపిన పిల్లలతో ఈ టీకా చేశారని. నువ్వొచ్చి అదంతా అబద్ధమని ఒక్క మాట చెప్పు. నీ మాటైతే వింటారు."

"అబద్ధమేనా?"

"వాట్సాపులో నిజాలొస్తాయా పెద్దమ్మా?"

"అది కాదు నేనడిగింది."

మంచం మీద కూర్చున్న భర్త శాంతయ్య దగ్గుతూనే నవ్వాడు. క్వారీలో సున్నపురాయి దుమ్ము పీల్చి పీల్చి పాడైన ఊపిరితిత్తులు ఆయనవి. మెట్టెక్కితే ఆయాసం. బెజవాడలో బెడ్లు దొరక్క జనం ఆటోల్లోనే పోతున్నారు. ఈ జబ్బు తగిలితే ఈయన దక్కడని జయమణికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మీ పెద్దమ్మ వేయించుకుంటే నేనూ వేయించుకుంటా. ఆవిడ కాదంటే నాకూ వద్దు. ఈ ఇంట్లో సూదుల శాఖ ఆవిడదే," అన్నాడు శాంతయ్య.

జయమణి చెప్పులేసుకుని నేరుగా చర్చికి, విచారణ గురువుల దగ్గరికి వెళ్లింది. ఫాదర్‌గారు దాచలేదు.

"పూర్తిగా అబద్ధం కాదు జయమణమ్మా. ఎప్పుడో యాభై ఏళ్ల కిందట, పరాయి దేశంలో, కడుపులో ఉండగానే పోయిన ఒక బిడ్డ నుంచి కణాలు తీశారు. తీసేయించిన కడుపేనంటారు. ఆ కణాలే ల్యాబుల్లో పెరుగుతూ వస్తున్నాయి. మనకొచ్చిన మందు తయారీలో వాటిని వాడారు. సూదిలో బిడ్డ ఉండదు, దీనికోసం కొత్తగా ఎవర్నీ చంపలేదు. వేరే దారి లేనప్పుడు వేయించుకోవచ్చు, పాపం కాదని రోము నుంచి చెప్పారు. అంతమాత్రాన ఆనాడు జరిగింది మంచిదని ఒప్పుకున్నట్టు కాదు."

"అబద్ధమని చెప్పేస్తే జనం తేలిగ్గా వచ్చేవాళ్లు."

"వచ్చేవాళ్లు. రేపు నిజం తెలిస్తే మీ మాటా పోతుంది, నా మాటా పోతుంది."

పాపం కాదన్న మాటతో సగం బరువే దిగింది. మిగతా సగం ఆ బిడ్డ. చచ్చి పుట్టిన పిల్లల్ని కూడా తెల్లగుడ్డలో చుట్టి సమాధుల తోటలో ఒక మూల పెట్టించిన మనిషి జయమణి. ఏటా ఆత్మల పండక్కి ఆ మూలకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తుంది. ఈ బిడ్డకు గుంట లేదు, గుడ్డ లేదు, కన్నీటిచుక్క రాల్చినవాళ్లున్నారో లేదో తెలియదు. బయటికి వస్తూ, పూజలో పేర్లు చదివే ఉపదేశి మోజెస్ దగ్గర ఆగింది.

"ఆదివారం ఒక పూజ చెప్పించాలి ఉపదేశిగారూ."

"ఎవరి పేరు మీదమ్మా?"

"ఒక బిడ్డ. పేరు లేదు."

"మీ చుట్టాలా?"

"ఇప్పటిదాకా కాదు."

మోజెస్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "పేరు లేకుండా ఎట్లా చదవనమ్మా? మొన్న రత్తయ్య ఇంటిపేరు తప్పు చదివితేనే వాళ్లు నాతో మాటలు మానేశారు."

"ఈ బిడ్డ తరపున పోట్లాటకెవరూ రారు. చదవండి."

ఆదివారం మాస్కులు కట్టుకుని దూరదూరంగా కూర్చున్న జనం మధ్య మోజెస్ చదివాడు. "కడుపులోనే పోయిన ఒక పసిబిడ్డ ఆత్మశాంతి కొరకు, జయమణిగారు." తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. పూజ అయ్యీ కాగానే వాకిట్లో ఆడవాళ్లు చుట్టుముట్టారు.

"ఎవరి బిడ్డక్కా?" అంది బేబి.

"నీ వాట్సాపులో బిడ్డే."

ఫాదర్‌గారు చెప్పిందంతా, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. చివర్న, "నేనిప్పుడు బళ్లోకెళ్లి వేయించుకుంటున్నా," అంది.

బేబి మొహం ఎర్రబడింది. "ఆనాడు నన్ను వద్దన్నావు. మా ఆయన ఇంట్లోంచి తోసేస్తానన్నా నీ మాట మీదే నిలబడ్డా. ఇప్పుడు దీనికి నీకు చెయ్యెట్లా ఆడుద్దక్కా?"



"ఆ బిడ్డను తీసిన గదిలో నేనుంటే వద్దనేదాన్నే బేబీ. టిఫిను డబ్బా పట్టుకుని వచ్చేసేదాన్ని. నేను లేను. ఇప్పుడు వద్దంటే ఆ బిడ్డ తిరిగి రాదు, మా ఆయన పోతాడు. జరిగింది మంచిదని మాత్రం నా నోట ఎవరూ అనిపించలేరు. ఆ బిడ్డ కోసం ఏడవకుండా సూదికి చెయ్యివ్వలేకపోయా. అందుకే పూజ. ఇంతకుమించి నాకు తెలీదు."

"నాకింకా ఒప్పట్లా."

"ఒప్పినప్పుడే రా. నిన్ను ఆనాడూ బలవంతపెట్టలా, ఇప్పుడూ పెట్టను."

బళ్లో సూసన్ సిరంజిలోకి మందు ఎక్కించింది. "నీకు సూదెయ్యాలంటే భయమేస్తంది పెద్దమ్మా."

"నేర్పింది నేనేగా. నిటారుగా పట్టు."

జయమణి కళ్లు మూసుకుని సిలువ గుర్తు వేసుకుంది. వెనకే శాంతయ్య చొక్కా చెయ్యి మడిచాడు. "నొప్పెడితే పేటంతా వినేట్టు అరుస్తా," అని బెదిరించాడు గాని, కిక్కురుమనలేదు. ఆ సాయంత్రానికి సూసన్ తెచ్చిన మందు అయిపోయింది. బేబి మాత్రం రాలేదు.

నవంబరులో ఆత్మల పండగ వచ్చింది. ఆగి ఆగి దగ్గుకుంటూ శాంతయ్య కూడా సమాధుల తోట దాకా నడిచాడు. పిల్లల మూలకు వెళ్లేసరికి అక్కడ బేబి, జాయిస్ కలుపు పీకుతున్నారు.

"రెండు డోసులూ అయినయ్యక్కా. జగ్గయ్యపేటెళ్లి వేయించుకున్నా, నీకు కనపడకుండా," అంది బేబి, తలెత్తకుండానే. కొంగు ముడి విప్పి కొవ్వొత్తి తీసింది. "ఆ బిడ్డకి సమాధి లేదుగా. ఎక్కడ పెట్టాలి?"

జయమణి రెండు చిన్న మట్టి దిబ్బల మధ్య చోటు చూపించింది. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతుంటే, శాంతయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.