పసుపు గుడ్డలో కెమెరా

పెళ్లయిన కొత్తలో మా ఆయన కరీంనగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పని చేసేవాడు. అక్కడ రెండు కెమెరాలు ఉండేవి. పెద్దది నల్లగుడ్డ కప్పుకొని ఎప్పుడూ లోపలి గదిలోనే మూడు కాళ్ల మీద నిలబడి ఉండేది. చిన్నది ఊళ్ల మీది పెళ్లిళ్లకు పోయేది. దానికి పైన ఒక కన్ను, కింద ఒక కన్ను, మెడలో వేసుకోవడానికి తోలు పట్టీ. అంతకుముందు అలాంటిదే ఇంకొకటి ఉండేదట. దాన్ని తీసుకొని పోయిన పనివాడు ఏదో స్టేషన్‌లో బెంచీ మీద కునుకు తీసి లేచేసరికి తల కింది సంచీ లేదు. ఆ తర్వాత జిల్లాలో ఏ స్టూడియోవాళ్లూ అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఎత్తుకుపోయినవాణ్ని ఎవరూ చూడలేదు గానీ, పోగొట్టినవాడి ముఖం అందరికీ తెలుసు. కెమెరా చేతికి వచ్చిన రోజున మా ఆయన అన్నం సరిగా తినేవాడు కాదు.

ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేళ్లకు చెన్నూరు దగ్గర ఒక పెళ్లికి పిలుపు వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాడి ముందుకు వచ్చి నిలబడరు. ఎవరైనా ఆడమనిషి తోడు వచ్చి, కొంగులు సరిచేసి, తలలు ఎత్తించి కూర్చోబెడితేనే ఫోటో అవుతుందని కబురు పంపారు. అట్లా నేనూ బయలుదేరాను. బడి ముఖం చూడనిదాన్ని. మా బాపు ఇంట్లోనే పలక మీద దిద్దించిన అక్షరాలు, పొద్దున్నే చదివించిన స్తోత్రాలు, అదే నా చదువు. రైలెక్కడం అదే మొదటిసారి.

మా అత్తకు భయం పట్టుకుంది. "గోదారి దాటితే మనది కాని ముల్కు. ఆడ మనల గుర్తువట్టేటోడు ఉండడు, దొంగను గుర్తువట్టేటోడూ ఉండడు" అన్నది. సామాను సర్దడం తనే చేసింది. కెమెరా నిలబెట్టే స్టాండును చాపలో గొడుగుతో కలిపి చుట్టింది. వెలుగు కొట్టే బల్బులను పేలాల డబ్బాలో, పేలాల మధ్యనే దాచింది. తోలు సంచీని ఎక్కడ పెట్టినా తోలు సంచీలాగే కనబడుతున్నది. చివరికి కొత్త తెల్లగుడ్డ ఒకటి పసుపునీళ్లలో ముంచి ఆరేసి, కెమెరానూ నల్లకాగితాల్లో చుట్టిన ఫిల్ము రీళ్లనూ అందులో పెట్టి, మూడు ముళ్లు వేసి, కుంకుమ బొట్టు పెట్టింది. చూసినవాళ్లకు అది వేములవాడ రాజన్న ముడుపు. మా దిక్కున దొంగ కూడా దేవుడి ముడుపు మీద చెయ్యి వేయడు. నేను మాత్రం దీపం ముందు నిలబడి, స్వామీ, నీ పేరు అడ్డం పెట్టుకొని పోతున్నాము, కోపగించుకోకు అని మనసులో చెప్పుకున్నాను.

పోయేటప్పుడు ఏ ఆపదా రాలేదు. బస్సులో జనం మూటను చూసి చోటిచ్చారు. ఒక ముసలాయన దాన్ని తాకి కళ్లకద్దుకుంటే నేను ముఖం తిప్పుకున్నాను. పెళ్లి బాగా జరిగింది. తలంబ్రాలు, అప్పగింతలు, మంచం మీద నుంచి లేవలేని పెండ్లికూతురి నాయనమ్మ, అన్నీ ఆ రీళ్లలోకి ఎక్కాయి. తిరుగు ప్రయాణంలో కెమెరా కంటే ఆ రీళ్లే బరువనిపించింది. కెమెరా ఇంకొకటి దొరకవచ్చు. అయిపోయిన పెళ్లి మళ్లీ ఎవరు చేస్తారు?

మంచిర్యాలలో రైలెక్కేటప్పుడు మగవాళ్ల డబ్బాలో కాలు పెట్టే సందు లేదు. మా ఆయన నన్ను ఆడవాళ్ల డబ్బాలో ఎక్కించి, మూట నా ఒడిలో పెట్టి, చాపచుట్టా పేలాల డబ్బా తీసుకొని వెనక డబ్బాలోకి పోయాడు. పెద్దపల్లిలో దిగాలె, మూట మీద నుంచి చెయ్యి తీయకు అని చెప్పి పోయాడు.

నా పక్కన కాగజ్‌నగర్ దిక్కు నుంచి వస్తున్న ఒక పెద్దమనిషి కూర్చుంది. కచ్చ పోసి కట్టిన చీర, నుదుట పచ్చబొట్టు. కోడలూ మనవడూ వెంట ఉన్నారు. కొడుకు మగవాళ్ల డబ్బాలో ఉన్నాడట. మూడేళ్ల మనవడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ పోతున్నారు. వాడికి ఆడపిల్లకు వేసినట్టు జడ వేసి ఉంది. సిరిసిల్ల నుంచి మేనమామ రావాలని, ఆయన ఒడిలో కూర్చోబెట్టుకుంటేనే మంగలి కత్తెర పెడతాడని కోడలు చెప్పింది. పెద్దమనిషికి చెవులు మందం. ఏది చెప్పాలన్నా డబ్బా అంతా వినేటట్టు చెప్పాల్సిందే. నా మూటను చూసి, నువ్వూ రాజన్న దగ్గరికేనా బిడ్డా అని అడిగింది. నేను తల ఆడించాను. అది అవునో కాదో నాకే తెలియదు. ఎదుటి బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లు మూటనే చూస్తున్నారు. ఇంత పెద్ద ముడుపా, ఏం మొక్కుకున్నావని ఒకామె అడిగింది. చెప్తే ఫలం పోతుందని అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మంచిర్యాల దాటగానే పొత్తికడుపులో నొప్పి మొదలైంది. పెళ్లింటి తిరుగుడుకేమో, వారం ముందే నేను దూరమయ్యాను. నెలనెలా ఇంట్లో మూడు రోజులు మూలన కూర్చునే రోజులవి. దగ్గర గుడ్డ ముక్క లేదు. కోడలు చెవిలో మెల్లగా అడిగాను. ఆమె అత్తను అడగందే తమ బట్టల మూట విప్పదు. అత్తకు మెల్లగా చెప్తే వినబడదు. క్షణంలో డబ్బాలో అందరికీ తెలిసిపోయింది.

పెద్దమనిషి నన్నేమీ అనలేదు. పాత చీర చింపి ఇచ్చింది. తర్వాత రెండు చేతులూ చాపి నా ఒడిలోని మూటను ఎత్తి తన ఒడిలో పెట్టుకున్నది.

"ఇగ దీని దిక్కు చెయ్యి సాపకు బిడ్డా. ఫికర్ నకో, నేను వట్టుకుంట" అన్నది.

అక్కరలేదు అవ్వా అన్నాను. వినబడలేదు. చెయ్యి చాపాను. ఆమె మూటను అవతలి పక్కకు జరుపుకొని, బుజ్జగింపుగా చెప్పింది.

"నువ్విట్ల గుడికి రానేరావు. ఇంటికి వో. నేను గుండం నీళ్లల్ల మునిగేటప్పుడు దీన్ని గూడ నెత్తిన వెట్టుకొని ముంచి, తడిబట్టలతోని నీ పేరు మీద రాజన్నకు అప్పజెప్త."

ముంచుతుందట. దొంగల కోసం కట్టిన మూట అది. నీళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు. అందులో ఉన్నది కెమెరా అని చెప్పాలంటే అరిచి చెప్పాలి. డబ్బా నిండా కొత్త ముఖాలు, ఎదుట ఆ రెండు జతల కళ్లు. పెద్దపల్లిలో దిగాక, మా ఆయన పక్కకు వచ్చాక చెబుదామని ఊరుకున్నాను. రైలు గోదావరి వంతెన ఎక్కింది. ఆడవాళ్లంతా లేచి కిటికీల్లోంచి పైసలు వేసి దండం పెట్టారు. పెద్దమనిషి ఒక్కతే లేవలేదు. మూటను రెండు చేతుల్లో పట్టుకొని తల మాత్రం వంచింది. నేను చేతులు జోడించే స్థితిలో లేను. మనసులోనే తల్లీ కాపాడు అనుకున్నాను.

పెద్దపల్లి వస్తుండగా బట్ట సరిచేసుకోక తప్పలేదు. పాయిఖానాలోకి పోయి తలుపు వేసుకున్నాను. రైలు ఆగింది. తలుపు గడియ బిగుసుకుపోయి రాలేదు. బయట దిగేవాళ్ల తొక్కిసలాట, పిల్లల ఏడుపు. గడియ ఊడి బయటికి వచ్చేసరికి బల్ల ఖాళీ. ఎదుటి ఇద్దరూ లేరు, పెద్దమనిషీ లేదు, మూటా లేదు.

ప్లాట్‌ఫారం చివర మా ఆయన చాపచుట్ట భుజాన వేసుకొని వస్తున్నాడు. నా ఉత్త చేతులు చూశాడు. నేను అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. చాపచుట్ట భుజం మీద బిగించుకొని వెనక్కి తిరిగాడు. బయటికి పరుగెత్తాము. వేములవాడకు నేరుగా పోయే బస్సు నిండగానే కదిలిపోయిందని, యాత్రవాళ్లంతా దాంట్లోనే పోయారని చెప్పారు. మేము దొరికిన బస్సులో కరీంనగర్ వచ్చి, ఇంటి దిక్కు కూడా చూడకుండా ఇంకో బస్సు మారాము. దారి పొడుగునా మా ఆయన పేలాల డబ్బా మూత తీయడం, పెట్టడం. ఒక్కసారి మాత్రం అడిగాడు, పోగొట్టుకున్నామని స్టూడియో సేటుకు చెబితే నమ్ముతాడా, అమ్ముకున్నామని అనుకుంటాడా అని. రాజన్న పేరు తలుద్దామంటే నోరు రాలేదు. ఆయన పేరు మీదే కదా ఇంత దాకా వచ్చింది.

వేములవాడలో ఆ రోజు సోమవారం. గుడి వీధి నిండా జనం, కోడెలు, కొబ్బరికాయలు. అప్పుడు గానీ మా కష్టం పూర్తిగా అర్థం కాలేదు. గుండం దగ్గరికి మా ఆయన పోగలడు, కానీ పెద్దమనిషి ముఖం తెలియదు. ముఖం తెలిసిన నేను ఆ మెట్లు దిగకూడదు. గుర్తులు చెప్పాను. కచ్చ చీర, పచ్చబొట్టు, జడ వేసిన మగపిల్లవాడు. పోయాడు. నేను వీధి అంచున, ఎవరికీ తగలకుండా గోడకు ఒదిగి నిలబడ్డాను. ప్రతి తడి చీరా నీళ్లు కారుస్తూ వస్తుంటే చేతుల్లో పసుపు మూట ఉందా అని చూసేదాన్ని. కొంతసేపటికి తిరిగి వచ్చాడు.

"ఆదిలాబాద్ దిక్కు నుంచి సగం ముల్కు వచ్చినట్టున్నది. కచ్చ చీరలే అంత. పిలగాండ్లకు అందరికీ జడలే. ఎవరినని ఆపుదు?" అన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. మళ్లీ పోబోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మేనమామ రాందే కత్తెర పడదు. కత్తెర పడందే స్నానం లేదు. స్నానం లేందే ముడుపు మునగదు. సిరిసిల్ల బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాను. మా ఆయన నా ముఖం చూసి ముందు నడిచాడు.

మేము చేరేసరికే బస్సు వచ్చి ఉంది. దిగినవాళ్లు చెదిరిపోతున్నారు. ఎటు చూసినా తలపాగాలు, మూటలు. గుడి వైపు మళ్లే సందులో ఒక మగమనిషి భుజం మీద జడ వేసిన పిల్లవాడు కనబడ్డాడు. వెనకాల పెద్దమనిషి పోతున్నది. పసుపు మూట అప్పటికే నెత్తిమీద ఉంది. అవ్వా అని పిలిచాను. జనమంతా తిరిగి చూశారు గానీ ఆమె తిరగలేదు. ఆమెను పట్టి ఆపడానికి నేను ముట్టకూడదు. అందరినీ తప్పుకొమ్మని అరుస్తూ, పక్కనుంచి పరుగెత్తి, ఎదురుగా పోయి దారికి అడ్డం నిలబడ్డాను.

"అవ్వా, అది ముడుపు గాదు. కెమెరా. ఫోటోలు దింపేది" అని, రైల్లో అరవలేనిది నడివీధిలో అరిచి చెప్పాను.

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. కొడుకు ఆమె చెవి దగ్గర మళ్లీ చెప్పాడు. ఆమె మూటను మెల్లగా నెత్తిమీది నుంచి దించింది, కానీ నేల మీద పెట్టలేదు.

"పొద్దుగాల్నుంచి నీళ్లు గూడ ముట్టలే. భూమికి తాకితె నీకు పాపమని, సేతులు గుంజినా ఒడిలకెళ్లి తియ్యలే. నేను మోసింది కెమెరానా?" అన్నది.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ముంచుతె రాజన్న ఫోటో దిగుతుండె గదా అత్తా" అన్నది. మేనమామ నవ్వాడు. పెద్దమనిషి నవ్వలేదు. నా వైపే చూస్తున్నది.

"రైల్ల చెప్పరాదా బిడ్డా?"

"డబ్బ నిండ మంది ఉండిరి అవ్వా."

ఆమె ఆ ఎదుటి ఇద్దరినీ తలుచుకున్నదేమో, తల ఊపింది. అక్కడే ఒక అరుగు మీద కూర్చొని తన చేతులతోనే ముళ్లు విప్పింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. కెమెరానూ రీళ్లనూ ఒక్కొక్కటిగా మా ఆయన చేతుల్లో పెట్టింది. మా ఆయన రీళ్ల నల్లకాగితాలు తడిమి చూసి, తోలు పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకొని, ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

పసుపు గుడ్డ తీసుకుందామని మా ఆయన చెయ్యి చాపితే ఆమె ఇవ్వలేదు.

"ఇది రాజన్నది. బొట్టు వెట్టి ఇంత దూరం తెచ్చినంక ఉత్తది మర్లిపోదు. నీ పేరు మీద అప్పజెప్తనన్న, అప్పజెప్త" అని, తన మూటలోంచి గుప్పెడు బియ్యం తీసి అందులో పోసి ముడి వేసింది. నా పేరు, మా ఆయన పేరు, ఇంటిపేరు అడిగి, రెండుసార్లు పలికించుకొని, కరెక్టుగా వచ్చాక లేచింది. ఆ చిన్న ముడుపును నెత్తిన పెట్టుకొని మనవడి వెనక గుండం దిక్కు పోయింది. ఆమె పేరు మేము అడగనేలేదు.

బస్సుకు ఇంకా వేళ ఉన్నది. ఆమెకు చెప్పకుండా పోబుద్ధి కాలేదు. కొంతసేపటికి నీళ్లు కారుతున్న చీరతో, బోడిగుండు మనవణ్ని చంకన వేసుకొని వచ్చింది. ఇన్ని పుట్నాలు, బెల్లం ముక్క మా ఆయన చేతిలో పెట్టి, నాకు స్నానమయ్యేదాకా ఇవ్వవద్దని చెప్పింది. ఆయన వాటిని జేబురుమాల్లో కట్టుకున్నాడు. బస్సులో కెమెరా దాచకుండా ఒడిలోనే పెట్టుకున్నాడు. అందరూ దాన్నే చూశారు. కరీంనగర్ దాకా ఆయన వెనక్కి ఆనుకోలేదు.

నాలుగో నాడు తలస్నానం చేసి, రాజన్నకు దీపం పెట్టి, ఆ బెల్లం నోట్లో వేసుకున్నాను. అప్పటికి స్టూడియోలో రీళ్లు కడిగి ఆరేశారు. పెళ్లి అంతా ఉంది.