ప్లేటు మీది, బండి నాది

నాకు ముక్కు మీద కోపం అని మావారు కనిపించిన వాళ్ళందరికీ చెబుతుంటారు. నిజమే. ఆ కోపమే లేకపోతే కెనడాలో, మిల్టన్ ఊరి అవతలి మా కంకర రోడ్డు మీద నా క్వాడ్ బైకు ఇవాళ దర్జాగా తిరిగేది కాదు.

క్వాడ్ అంటే నాలుగు లావుపాటి చక్రాలు, మోటార్ సైకిల్‌కున్నట్టు హ్యాండిలు, వెనక సామాను కట్టుకోవడానికి ఇనుప చట్రం. బురదలోనూ గుట్టల్లోనూ తిరగడానికి చేసిన బండి. ఇక్కడ దీన్ని చాలామంది సరదాకి కొంటారు. నేను మాత్రం కలుపు తీయడానికి పోయి రావాలని కొన్నాను.

అంతకుముందు ఓక్‌విల్‌లో, కార్లకు వైరింగు కట్టలు తయారుచేసే ఒక చిన్న షెడ్డులో ఎనిమిదేళ్ళు నిలబడి పనిచేశాను. ఆ సిమెంటు నేల నా ఎడమ మోకాలిని తినేసింది. పని మానేసి ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండేది. మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక ముసలావిడకి గడ్డి పొలం ఉంది. ఎనభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. పొలం వెనక మూల ఊరికే పడివున్న అరెకరం నన్ను సాగు చేసుకోమంది. కౌలు అడగలేదు. ఒక్కటే షరతు పెట్టింది.

"కలుపు గింజ పట్టకూడదు. పట్టిందంటే గాలికి నా గడ్డిలోకొచ్చి పడుతుంది. జూలై మొదటి తేదీన నేనే వచ్చి చూస్తాను. కలుపు నిలబడి కనిపిస్తే ఆ ముక్క గడ్డి కోసేవాడికి ఇచ్చేస్తాను."

సరేనన్నాను. గోంగూర, తోటకూర, దోస, బీర వేశాను. ఈ దేశానికి వచ్చాక ఎవరి కిందా కాకుండా నేను మొదలుపెట్టిన మొదటి పని అది. ఆ అరెకరం పోగొట్టుకోవడం నావల్ల కాదు.

చిక్కల్లా వెళ్ళిరావడంలోనే ఉంది. ఉన్న ఒక్క కారూ పొద్దున ఆరింటికే మావారితో మిల్టన్ స్టేషనుకు పోతుంది, ఆయన అక్కడ టొరంటో రైలెక్కుతారు. ఇంకో కారు కొన్నా లాభం లేదు. పొలం లోపల చివరి అర కిలోమీటరు ఒట్టి బురద, కారు దిగబడిపోతుంది. అందుకని ఎవరో వాడి వదిలేసిన క్వాడ్ కొన్నాను. మా ఊళ్ళో ట్రాక్టరు రోడ్డెక్కితే ఎవడూ ఆపడు, ఇదీ అంతేననుకున్నాను. మొదటి రోజే ఒక పోలీసావిడ ఆపింది.

"మేడమ్, నంబర్ ప్లేటేది? ఇన్సూరెన్సు? హెల్మెట్?"

నా తల మీద ఉన్నది చున్నీ. చేతిలో ఉన్నది కారు నడిపే లైసెన్సు. అదొక్కటే సరిగ్గా ఉంది.

"రోడ్డు మీద దీన్ని బండి అనరు. ఇది అడవి బాటల్లో ఆడుకునేది," అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండింది. "వెనక పారా కొడవలీ కనిపించట్లేదా? నేను ఆడుకోవడానికి వెళ్తున్నట్టుందా?" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. నోటుబుక్కులోంచి కాగితం చింపి, కావలసినవన్నీ ఓపిగ్గా రాసిచ్చింది. చివరి మాట మాత్రం కింద గీత గీసి మరీ చెప్పింది. క్వాడ్లు నడవదగ్గ రోడ్లని మా టౌన్ ఒక జాబితా పెట్టుకుంది, ఈ రోడ్డు అందులో లేదు, దాన్ని చేర్చగలిగేది టౌన్ కౌన్సిల్ ఒక్కటే. ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నానంది. సాయంత్రం మావారు ఎవరిదో ట్రెయిలర్ అడిగి తెచ్చేదాకా బండి రోడ్డు పక్కన గడ్డిలోనే పడివుంది.

"ఎందుకొచ్చిన గొడవ చెప్పు. బ్యాక్‌యార్డ్‌లో నాలుగు మొక్కలేసుకుంటే సరిపోదా? వీకెండ్స్‌లో నేను డ్రాప్ చేస్తాగా," అన్నారాయన.

"కలుపు వీకెండ్ దాకా ఆగదండీ," అన్నాను.

మిల్టన్‌లో నాకు తెలిసిన ఒక వరంగల్ అమ్మాయికి ఫోన్ చేస్తే అదీ అంతే. "అక్కా, కెనడా దాకా వచ్చి కలుపు తీసుడేంది?" అని నవ్వింది. పోయినేడు నేను వండి పంపిన గోంగూర గిన్నె ఊడ్చుకుని తిన్నప్పుడు ఈ మాట అనలేదేం అని అడిగి ఫోన్ పెట్టేశాను.

ఆ మర్నాటి నుంచి నెల రోజులు పోలీసావిడ కాగితంలో రాసినవన్నీ సమకూర్చుకోవడమే పని. వెనక దీపం వెలగదు, బ్రేకు దీపం అసలే లేదు. ఎనిమిదేళ్ళు ఊళ్ళో వాళ్ళ కార్లకి తీగలు కట్టిన చేతులు నావి, నా బండికి కట్టుకోలేనా? గరాజులో కింద చాప వేసుకుని రెండు రోజుల్లో పూర్తిచేశాను. రిజిస్ట్రేషన్ నా పేరునే చేయించాను. ఇన్సూరెన్సు వాళ్ళకి నా సంగతి ఒక పట్టాన అర్థం కాలేదు. "వినోదానికా?" అని రెండుసార్లు అడిగితే, కలుపు తీయడానికని రెండుసార్లు చెప్పాను. హెల్మెట్‌లో నా ముడి పట్టలేదు, జడ వేసుకోవడం మొదలుపెట్టాను. బండి రోడ్డెక్కకూడదు కాబట్టి అన్ని రోజులూ పొలానికి నడిచే వెళ్ళాను. నాలుగూ నాలుగూ ఎనిమిది కిలోమీటర్లు. రోజు విడిచి రోజే వెళ్ళగలిగేదాన్ని, మోకాలు అంతకంటే సాగనిచ్చేది కాదు. నేను ఒక సాలు శుభ్రం చేసేసరికి పక్కన రెండు సాళ్ళు కలుపుతో నిండేవి. ఏడుపొచ్చేది, పళ్ళు బిగబట్టుకుని మళ్ళీ వంగేదాన్ని.

నంబర్ ప్లేటు వచ్చిన రోజు మాత్రం సంబరం పట్టలేకపోయాను. క్వాడ్‌కి ప్లేటు ముందువైపు బిగిస్తారు. మనకి కొత్త బండి వస్తే పూజ చేయకుండా ఎలా? పాతదే అయినా కాగితాల ప్రకారం ఆ రోజే పుట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను, హ్యాండిలుకి పసుపు తాడు కట్టాను, దీపం అంచున బొట్టు పెట్టాను. కారుకైతే బానెట్ ఉంటుంది. దీనికి ముందు భాగంలో బొట్టు పెట్టడానికి సాపుగా ఉన్నది ఆ ప్లేటొక్కటే. నిండుగా పసుపు రాసి, కుంకుమ నూనెలో కలిపి ఇంత బొట్టు పెట్టాను. నా కళ్ళకి పెళ్ళికూతురిలా ఉంది. ఫోటో తీసి, కౌన్సిల్‌కి పంపాల్సిన అర్జీకి అదే జతచేశాను. అర్జీలో, అన్ని నిబంధనలూ పాటించానని ధీమాగా రాశాను.

జూన్ మూడో వారంలో ఒక సాయంత్రం కౌన్సిల్ సమావేశం. వెలుగు ఇంకా బాగా ఉంది. దీపాలు వెలిగించి చూపిద్దామని బండిని ట్రెయిలర్ మీద తెచ్చి బయట ఆపాం. అర్జీదారులకు ఐదు నిమిషాలు ఇస్తారు. నాకు తెలిసిన ఇంగ్లీషులో నేను చెప్పాల్సింది చెప్పాను. రోడ్డు భద్రత మీద సలహా కోసం పిలిపించారేమో, నన్ను ఆపిన పోలీసావిడ గోడ పక్కన కూర్చునుంది. అప్పుడు సభ్యుల్లో ఒకాయన కళ్ళజోడు సవరించుకుని నా ఫోటో తెర మీద వేయించాడు.

"అన్ని నిబంధనలూ పాటించానని రాశారు. మరి నంబరేది?"

చూశాను. అంత పెద్ద తెర మీద పసుపూ కుంకుమా తప్ప ఒక్క అంకె కూడా కనిపించడం లేదు.

"నంబరు దాచుకుని తిరిగేవాళ్ళకి రోడ్డిద్దామా?" అన్నాడాయన. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

తల కొట్టేసినట్టయింది. ఆ ఫోటో ఎన్నిసార్లు చూసుకుని మురిసిపోయానో! ఒక్కసారైనా ఆ సంగతి కంట పడితేనా!

పక్కనుంచి మావారు గొణిగారు. "సారీ చెప్పి కూర్చో. నెక్స్ట్ మీటింగ్‌కి మళ్ళీ అప్లై చేద్దాం."

ఆ మీటింగ్ జూలై నడుమ ఎప్పుడో. అప్పటికి నా అరెకరంలో గడ్డి కోసేవాడి మిషను తిరుగుతుంటుంది. నేను కూర్చోలేదు.

"అది దాచడం కాదు. మావాళ్ళు కొత్త బండిని అలా గౌరవిస్తారు. కానీ గౌరవం తప్పు చోట పెట్టాను, ఆ తప్పు నాదే. బండి బయటే ఉంది. మీరు నాతో వస్తే మీ కళ్ళ ముందే దిద్దుతాను," అన్నాను.

మేయరు ఒక ముసలాయన. పది నిమిషాలు విరామం ప్రకటించాడు. అందరూ లేచి పార్కింగులోకి వచ్చారు. నా నీళ్ళ సీసా ప్లేటు మీద వంచి, చున్నీ కొంగుతో తుడిచాను. నూనె కుంకుమ అంత తేలిగ్గా వదల్లేదు. వాళ్ళంతా చూస్తుండగా మోకాలి మీద కూర్చుని రుద్దాను. సిగ్గేసిందా అంటే వేసింది. అయినా చెయ్యి ఆపలేదు. నా చున్నీ పాడైపోయింది. ప్లేటు మీద లేత పసుపు మరక మాత్రం మిగిలింది.

పోలీసావిడ ఎవరూ అడక్కుండానే ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి నంబరు మొత్తం గట్టిగా చదివింది, అక్షరం పొల్లుపోకుండా.

కళ్ళజోడాయనకి ఇంకా తీరలేదు. హ్యాండిలు తాడునీ, దీపం అంచున బొట్టునీ వేలితో చూపించాడు. "మరి ఇవి?"

"అవి ఏ నంబరుకీ అడ్డం లేవు, ఏ దీపానికీ అడ్డం లేవు," అన్నాను. "ప్లేటు మీది, శుభ్రం చేశాను. బండి నాది. దాని బొట్టు చెరపను."

మావారు నేల చూపులు చూస్తున్నారు. లోపలికెళ్ళాక ఓట్లేశారు. ఒక్క కళ్ళజోడాయన చెయ్యే వ్యతిరేకంగా లేచింది. సోమవారం నుంచి మా రోడ్డు జాబితాలో ఉంటుందని గుమాస్తా చెప్పింది.

సోమవారానికీ జూలై ఒకటికీ మధ్య ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ పొద్దున ఆరున్నరకే దీపాలు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, రోడ్డు అంచున నిదానంగా వెళ్ళాను. నడక తప్పడంతో మోకాలు వంగడానికి ఒప్పుకుంది. పీకిన కలుపంతా చట్రానికి కట్టి మోసుకొచ్చేదాన్ని. మొదటిరోజు కార్లు నన్ను దాటుతుంటే ప్రాణం బిక్కుబిక్కుమంది. మూడో రోజుకి నేనే చెయ్యి ఊపి దాటమనేదాన్ని.

చెప్పినట్టే జూలై ఒకటిన ముసలావిడ చేతికర్ర పొడుచుకుంటూ పొలంలోకి వచ్చింది. ఒక్కో సాలూ కర్రతో ఆకులు తొలగించుకుంటూ చూసింది. నేను వెనకే నడిచాను. దోసపాదు కింద ఒక్క మొక్క దొరికింది. వంగి, తనే పీకి, వేర్ల మట్టి దులిపి, తీసుకెళ్ళి నా క్వాడ్ వెనక చట్రంలో పడేసింది.

"రేపు ఎన్నింటికొస్తావు?" అంది.

"ఆరున్నరకి," అన్నాను. "రోడ్డు మీదుగానే వస్తాను."