జోడెద్దు మేసిన కట్టు

పాఠకులారా, తన చదువునంతా ఒక ఎద్దు మెడకు కట్టి, మరో ఎద్దు చేత నమిలించిన మనిషి కథ ఇది. దోషిని నేనే గనుక ఎవరిమీదా దావా వేయలేను. ఆ ఉక్రోషం నేటికీ తీరలేదు.

అప్పట్లో నేను నిజామాబాదులో రసాయనశాస్త్రం బోధించేవాణ్ణి. ఏ ప్రయోగమైనా తేదీ వేసి రాసుకోనిదే నాకు అన్నం సహించదు. కోటగిరిలో మా అక్కకు ఒక ఎర్రెద్దు, దాని జోడు ఒక తెల్లెద్దు. ఎర్రెద్దుకు కాడి ఒరుసుకొని మెడ పుండైంది.

“డాక్టర్ మందిచ్చిండు గానీ కట్టు నిలుస్తలేదు తమ్మీ. వచ్చే సంత దాక సూస్త. మానకుంటే అమ్ముడే,” అన్నది అక్క. దూడనాటి నుంచి సాకిన ఎద్దు. మాట పూర్తికాకముందే కొంగు కళ్లకు పోయింది.

“నేను నిలబెడ్త!” అన్నాను.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గాలి పీల్చినవాడికి చెరకు పిప్పి కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఉడికించి, దంచి, పీచు తీసి, పసుపు కలిపి, పలచని పట్టీగా ఆరబెట్టాను. పీచు చీమును పీలుస్తుంది. పసుపు సూక్ష్మజీవులను అణచుతుంది. పైన చిక్కటి బెల్లం పాకం, ఎందుకంటే అంత తీపిలో సూక్ష్మజీవి బతకదు. నా తర్కంలో తప్పుంటే చూపండి!

కొట్టంలో కట్టు కట్టి, అటు తిరిగి తేదీ వేసుకుంటున్నాను. వెనుక పెళ్లివిందులో ఆఖరి బంతి కూర్చున్నంత చప్పుడు.

“తమ్మీ! తెల్లోడు తింటున్నడు!”

“ఏం తింటున్నడక్కా?”

“నీ సదువు!”

కంచే చేను మేసిందంటారు. మా కొట్టంలో జోడెద్దే కట్టు మేసింది. మేసి, ఎర్రెద్దు మెడను శుభ్రంగా నాకుతోంది. రోగి తలంటు పోయించుకుంటున్న పెళ్లికొడుకులా కళ్లు మూసుకుంది.

“పిప్పి, బెల్లం ఎడ్లు తినేటియే గద! గది తెల్వదా?”

“సూక్ష్మజీవి బతకదని లెక్కేసిన...”

“కంటికి కనబడని పురుగును సూసినవ్, ముంగట గంతెత్తు ఎద్దును సూడలే!”

ఓడిపోయేవాణ్ణా? మర్నాడే బెల్లం మాని, పట్టీకి వేపాకు ముద్ద పట్టించాను. తెల్లెద్దు ఒక్కసారి నాకి, అలిగిన అల్లుడు అత్తింటిని చూసినట్టు నన్ను చూసి, మొహం తిప్పుకుంది. కట్టు నిలిచింది. దాని కింద డాక్టరు మందూ నిలిచింది. పుండు ఆరింది. సంతకు అక్క ఒక్కతే వెళ్లి, ఎర్రెద్దుకు కొత్త గంట కొనుక్కొచ్చింది.

ఇప్పటికీ కోటగిరి వెళితే తెల్లెద్దు నా జేబులు వాసన చూస్తుంది.

కావున ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఏ ప్రాణికి ఏ కట్టు కట్టినా, ముందు నేనే నాకి చూస్తాను. నా మొహం వంకర పోతేనే మందు సిద్ధమైనట్టు.