బిరిజమ్మ వచ్చింది, తలుపు తియ్యిన్రి!

జహీరాబాదులో అందరికీ దసరా ఉంది, ఉగాది ఉంది, రంజాను ఉంది. గురులింగప్పకు ఇవేవీ చాలలేదు. సముద్రాలకు అవతల, పొద్దస్తమానం వాన కురిసే ఒక దీవిలో, క్రీస్తు పుట్టకముందటి జనం చేసుకున్న పండుగను పట్టుకొచ్చి, ఏటా ఫిబ్రవరి ఒకటో తారీకున చేసి తీరేవాడు. అదొక్కటే ఆయనకున్న పిచ్చి. మిగతా రోజుల్లో ఆయనంత నెమ్మదైన మనిషి బీదరు దాకా వెతికినా దొరకడని భార్య మహాదేవమ్మ ఒప్పుకునేది. ఆ ఒక్క రోజు మాత్రం ఆయన తన మొగుడని ఒప్పుకోవడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

తప్పంతా రైల్వేది. గురులింగప్ప ఒకప్పుడు పట్టాల మీద ట్రాలీ తోసేవాడు. ట్రాలీలో గొడుగు కింద కూర్చునేది ఫ్లానగన్ దొర. పట్టాలు పరీక్ష చేయడం దొర పని, వెనక నుంచి తోస్తూ దొర కబుర్లు వినడం గురులింగప్ప పని. దొరది ఐర్లాండు. ఎవరైనా పొరపాటున ఇంగ్లాండు అంటే ముఖం కందగడ్డ చేసుకునేవాడు. ఫ్లానగన్ అనడానికి నోరు తిరగక ఊరివాళ్ళు పాలనాగన్న అంటే మాత్రం నవ్వుతూ పలికేవాడు. ఆ దొర ముత్తవ్వ చేసిన పండుగ పేరు ఇంబొల్క్. గొర్రెలు ఈని పాలు చేపే వేళ, చలి వెనక్కి తగ్గే వేళ, బ్రిజిడ్ అనే అగ్గి దేవత ఇంటింటికీ వస్తుందట. జర్మనీ లడాయికి ముందే దొర ఓడెక్కి వెళ్ళిపోయాడు. పండుగ మాత్రం జహీరాబాదులో దిగబడిపోయింది. బ్రిజిడ్ కాస్తా బిరిజమ్మ అయింది.

"ఏం పండుగ గురులింగప్పా? అంబలి పండుగనా?" అనేవాళ్ళు గల్లీవాళ్ళు.

"అంబలి గాదు. ఇంబొల్కు!"

"అదే, అంబల్కు. మరి అంబలేది?"

ఆ రోజు తెల్లవారగానే ఆయన పెరటి గోడ ముందు గొంతుక్కూర్చునేవాడు. దొర దేశంలో బొరియలోంచి పాము బయటికొస్తే చలి పోయినట్టు లెక్క. పామును పేరంటానికి పిలవడానికి మహాదేవమ్మ ఒప్పుకోలేదు కనుక ఆయన తొండతో సర్దుకున్నాడు.

"ఏమయ్యా, నీళ్ళు తోడవా?"

"ష్! తొండ తలకాయ పెట్టింది."

"నేను తలకాయ పెట్టి ఎన్నేండ్లాయె ఈ ఇంట్ల! నా దిక్కు ఒక్కనాడన్న గిట్ల చూసినవా?"

తొండ వచ్చాక అసలు తంతు. తుంగగడ్డితో బొమ్మ అల్లి, తెల్లగుడ్డ కట్టి, గంపలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. "బిరిజమ్మ వచ్చింది, తలుపు తియ్యిన్రి!" అని కేక. ఇంటివాళ్ళు "రా తల్లీ రా" అని కుండలో ఇన్ని పాలు పోయాలి. ఊరిచివర ఆ పాలు నేలతల్లికి పోస్తానని వెళ్ళి, పొద్దుగుంకే వేళకు ఖాళీ కుండతో వచ్చేవాడు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు.

"పాలనాగన్న దొర చెప్పిండు."

బర్రెకు బెల్లం ఎందుకు పెట్టాలి? దొర చెప్పిండు. ఆ రోజు ఆడవాళ్ళు రోకలి ఎందుకు ముట్టకూడదు? దొర చెప్పిండు. పాపం, ఆ దొర ట్రాలీ మీద అన్ని మాటలు చెప్పి పట్టాలెప్పుడు చూశాడో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇదంతా నవ్వుకునే రోజుల సంగతి. నలభై తొమ్మిదిలో నవ్వే రోజులు కావు.

నిజాం రాజ్యం పోయి కొన్ని నెలలే అయింది. రజాకార్లున్నప్పుడు వీళ్ళు భయపడ్డారు, మిలిటరీ వచ్చాక వాళ్ళు భయపడ్డారు, ఇప్పుడు ఎవరికి ఎవరంటే భయమో తెలియకుండా ఊరంతా తలుపులు బిగించుకుంది. గొడవల్లో పటేలు కొడుకు అమర్నాథ్ గడ్డివాములను ఎవరో కాల్చారు. ఎవరో తేలలేదు. తేలకపోయేసరికి అతని కోపం మొత్తంగా పక్కనున్న తురక గల్లీ మీద పడింది. ఆ గల్లీకి పాలు గానీ, ఉప్పు గానీ ఎవరూ అమ్మొద్దని చాటించాడు. గల్లీ మొదట్లో కర్రలు పట్టుకుని మనుషులు కూర్చున్నారు.

ఆ గల్లీలోనే, గురులింగప్ప పెరటి గోడకు అవతల, కళాయి జహంగీర్ ఇల్లు. గిన్నెలకు కళాయి వేయించుకునేవాళ్ళు లేక అతను పని వెతుక్కుంటూ హైదరాబాదు వెళ్ళాడు. ఇంట్లో మిగిలింది పచ్చి బాలింత కులసుం, ఆమె అత్త తాజ్ బేగం. గోడ అవతలి నుంచి పసిపిల్ల ఏడుపు మహాదేవమ్మకు వినబడేది. మొదట గట్టిగా ఏడ్చేది. తిండి లేని తల్లికి పాలు ఇంకి, రానురాను ఆ ఏడుపు సన్నబడింది. అది విన్నప్పుడల్లా మహాదేవమ్మ చేతిలో పని చెడేది. కానీ అమర్నాథ్ కర్రలు గుర్తొచ్చి కిటికీ మూసేది.

అలాంటి రోజుల్లో ఫిబ్రవరి ఒకటి వచ్చింది. గురులింగప్ప గంప తీశాడు.

"ఈ ఏడు వద్దయ్యా. నీ కాల్మొక్త. ఊరు అగ్గి మీదున్నది."

"బిరిజమ్మది అగ్గేనే. ఆమెకేం భయం?"

"ఆమెకు లేకపోతె లేదు, నాకున్నది! తొండ గూడ రాలె ఈసారి."

"వచ్చింది. నువ్వు చూడలె."

మహాదేవమ్మ కొంత ఎడంగా ఆయన వెంటే నడిచింది. ఏ గడపలో ఎవరు ఏమంటారో, ఎక్కడినుంచి ఈడ్చుకురావాలో అని. ఆయన ఏటా చేసినట్టు పక్కింటితో మొదలుపెట్టలేదు. నేరుగా పటేలు గడీకే వెళ్ళాడు. అమర్నాథ్ తల్లి దేవమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"దొరసానీ, ఈ ఏడు మొదటి పాలు పెద్దింటియి గావాలె."

"గిదెప్పటి పద్ధతి గురులింగా?"

"పాలనాగన్న దొర చెప్పిండు."

దేవమ్మ ఆవు చేపక చాన్నాళ్ళయింది. దేవత ఏ దేశానిదైతేనేం, ఆవు చేపితే చాలనుకుంది. లేచి, తన చేత్తో చెంబెడు పాలు కుండలో వంచి దండం పెట్టింది. మహాదేవమ్మ తల బాదుకుంది. పులి గుహకు పోయి పులి తల్లినే పాలడిగిన మొగుడు ఇంకెవరికైనా ఉంటాడా?

తక్కిన ఇళ్ళవాళ్ళు తలుపు సందులోంచి చూశారు. పెద్దింటి పాలు కుండలో ఉన్నాయని తెలిసి తలుపులు తీశారు. ఒకరు గరిటెడు, ఒకరు గ్లాసెడు. కుండ నిండింది. నేలతల్లికి పోయడానికి పొలాల వైపు వెళ్ళవలసిన గురులింగప్ప ఎడమవైపుకు తిరిగాడు. అటు ఉన్నది తురక గల్లీ ఒక్కటే. మహాదేవమ్మ అక్కడే ఆగిపోయింది.

"ఎటు పోతున్నవ్ గురులింగా?" గల్లీ మొదట్లో కర్రలవాళ్ళతో కూర్చున్న అమర్నాథ్ లేచి నిలబడ్డాడు.

"బిరిజమ్మను తోల్కపోతున్న పటేలా."

"నీ బిరిజమ్మకు ఈ గల్లీల ఏం పని?"

"అమ్మ ఎటంటె అటు పోవాలె. పాలనాగన్న దొర..."

"దొర పోయిండు. ఇప్పుడు నేను చెప్తున్న. కుండ కింద పెట్టు. లేకుంటె పగులగొడ్త."

కర్ర కొస కుండకు తగిలి టంగుమంది. పాలు తొణికి గురులింగప్ప మణికట్టు మీద కారాయి. దొర పేరు చెల్లని చోట ఆయన కుండను పొట్టకు హత్తుకున్నాడు. అప్పుడు, గల్లీ లోపలి నుంచి ఆ సన్నని ఏడుపు వినబడింది.

ఇంటికి పారిపోదామనుకున్న మహాదేవమ్మ కాళ్ళు ఎందుకో ముందుకు నడిచాయి. వెళ్ళి మొగుడి పక్కన నిలబడింది.

"కొట్టు పటేలా," అంది. గొంతు ఆమెది ఆమెకే కొత్తగా ఉంది. "కొట్టెముందు ఒక్క పని జెయ్యి. ఈ కుండల మొదటి చెంబు మీ అమ్మది. ఆవు చేపాలెనని మొక్కి పోసింది. మీ అమ్మ పాలెవ్వో, మా పాలెవ్వో ఏరి, అమ్మవి పక్కకు బెట్టు. మిగిలినయి పారబొయ్యి. నేను అడ్డం రాను."

అమర్నాథ్ కుండలోకి చూశాడు. పాలు పాలలాగే ఉన్నాయి.

వెనకాల కర్ర పట్టుకున్న వీరన్న గొంతు సవరించుకున్నాడు. "పటేలా... మా అవ్వ గూడ పోసింది."

"నువ్వు గూడనా?"

"నేను గాదు పటేలా, మా అవ్వ."

అమర్నాథ్ ముఖంలో కోపం పోలేదు, కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కర్రను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చాడు. చివరికి పక్కకు జరిగి, "జల్ది పోయి రాన్రి," అన్నాడు, ముఖం తిప్పుకుని.

జహంగీర్ ఇంటి తలుపు కొడితే లోపల ఏడుపు కూడా ఆగిపోయింది.

"కౌన్?"

"బిరిజమ్మ వచ్చింది తాజ్ ఆపా. తలుపు తియ్యి."

"మాకెవ్వరి ఖైరాత్ వద్దు, దానం వద్దు గురులింగప్పా. పో."

"ఖైరాత్ ఎవరిస్తున్నరు? నేనే సాయం అడగనీకి వచ్చిన. అమ్మ ఉత్తగ నేల మీద పోస్తె తాగదు. పసిబిడ్డ తాగితెనే ఆమె తాగినట్టు. బిడ్డను కన్నతల్లి తాగితె ఇంక మంచిది. మా గల్లీల పసిపిల్లలు లేరు. జర నీ మనుమరాలిని అప్పియ్యి, నా పండుగ గట్టెక్కుతది."

గొళ్ళెం కదిలింది. తలుపు సందులోంచి తాజ్ బేగం ఒక కన్ను ఆయన్ని చాలాసేపు పరీక్షించింది.

"మీ దేవత మస్తు హుషారున్నది," అంది. తలుపు పూర్తిగా తీసింది.

ఇంటికొచ్చాక మహాదేవమ్మ అడిగింది.

"పసిబిడ్డ తాగితెనే అమ్మ తాగినట్టని దొర ఎన్నడు చెప్పిండయ్యా?"

గురులింగప్ప తల గోక్కున్నాడు. "ట్రాలీ ఉరుకుతుంటె గాలికి దొర మాట సగమే వినబడేది. తక్కిన సగం నేనే కలుపుకున్న."

"పోయినేడు పాలు నిజంగనే నేలతల్లికి పోసినవా?"

"స్టేషన్ కాడి ఇస్సాకు లేడా, కండ్లు పోయినోడు. ఆయనకు."

"అంతకు ముందేడు?"

ఆయన తొండ కోసమన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు ఇంబొల్కు ఒక్క రోజుతో అయిపోలేదు. ఈసారి ఉగాది దాకా చేయాలని మర్నాడు పొద్దున్నే గల్లీలో ప్రకటించింది మహాదేవమ్మే. మొదటి చెంబు గడీ నుంచి వస్తూనే ఉంది. ఆవు చేపిందో లేదో దేవమ్మ ఎవరికీ చెప్పలేదు గానీ, గల్లీ మొదట్లో కర్రలు ఒక్కొక్కటే ఇళ్ళకు వెళ్ళిపోయాయి. పిల్ల ఏడుపు మళ్ళీ గోడలు దాటి, గల్లీలో నిద్రపోయేవాళ్ళ నిద్రలు చెడగొట్టింది. ఎవరూ తిట్టుకోలేదు.

ఒకనాడు తాజ్ బేగం పాలగిన్నె తిప్పి పంపింది. ఏ ఇంట్లోనైనా ఇచ్చిన గిన్నెను ఖాళీగా పంపరు కదా. అందులో ఇంత మలీద, అంటే జొన్నరొట్టె నలిపి బెల్లం కలిపినది, మూత కింద ఉంది. మహాదేవమ్మది లింగం కట్టిన ఇల్లు. బయటి చేతి తిండి ముట్టి ఎరగదు. గిన్నెను అటు జరిపింది, ఇటు జరిపింది. మూత తీసి వాసన చూసింది. మళ్ళీ మూసింది.

కాసేపటికి గురులింగప్ప వచ్చాడు.

"గిన్నె వచ్చిందంట గద. ఏముండె అండ్ల?"

"ఏముంటది? ఖాళీ గిన్నె."

గురులింగప్ప ఆమె ముఖంలోకి పరీక్షగా చూసి, వేలి కొసతో ఆమె గడ్డం మీది బెల్లం తీసి, నోట్లో వేసుకున్నాడు.

"ఖాళీ గిన్నె తియ్యగున్నది," అన్నాడు.