తగరం గడ్డకట్టేలోపు

నేను పనిచేసిన తుపాకుల మరమ్మతు దుకాణం కలకత్తాలో, ధర్మతలా వెనక ఒక సందులో ఉండేది. మా నాన్న కార్పొరేషన్‌లో మురుగుకాలువలు తీసేవాడు. నీడపట్టున, బల్ల ముందు కూర్చుని పనిచేసిన మొదటివాణ్ణి మా ఇంట్లో నేనే. ఆ గర్వం రెండేళ్లు నిలిచింది. పదకొండేళ్లయినా నా పని తుప్పు గీకడం, కర్రకు నూనె పట్టించడమే.

కిటికీ పక్క బల్ల ఉస్తాద్‌ది. మెటియాబ్రుజ్ నుంచి బస్సులో వచ్చే ముసలాయన. ఆయన ఉన్నంతకాలం ఇంకో మేస్త్రీ అక్కర్లేదని యజమాని నాతో రెండుసార్లు అన్నాడు.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి తెల్లవాళ్ల కాలపు మిలటరీ రైఫిళ్లు. పటాలం వాటిని వదిలించుకున్నాక ఎవరో గొట్టం పొట్టిచేసి, ముందు కర్ర కోసేసి, వేటతుపాకులుగా మార్చారు. గురి చూడ్డానికి నిచ్చెనలా పైకి లేచే పాత వెనక సైటు తీసేసి, ఆ చోట చిన్నది పెట్టారు. మర మేకులతో బిగించాలంటే గొట్టాన్ని లోతుగా తొలచాలి, అప్పుడు దాని గోడ పలచబడుతుంది. అందుకని తగరంతో అతికేవారు. ఎన్నో ఏళ్ల దెబ్బలకి ఆ అతుకు ఊడితే మా దగ్గరికి తెచ్చేవారు.

ఉస్తాద్ ముందు గొట్టానికి దీపం మసి పూసేవాడు. సైటును దానిమీద ఆనించి తీసి, మసి అంటిన ఎత్తుల్ని ఆకురాయితో రాసేవాడు. అడుగంతా ఒకేలా నల్లబడేదాకా అదే పని. తర్వాత రెండువైపులా శుభ్రంగా మెరిపించి, తగరం పలచగా పూసి, ఇనుప తీగతో వదులుగా కట్టి, బ్లోలాంపుతో సెగ పెట్టేవాడు. తగరం కరిగి అంచుల్లో మెరిసినప్పుడు సైటు నీళ్లమీద ఉన్నట్టు కదులుతుంది. ముందు సైటు మీదుగా గొట్టం పొడవునా నల్లదారం లాగి ఉంటుంది. ఒకరు ఒక కన్ను మూసి ఆ దారం వెంట చూస్తూ చెప్పాలి, ఇంకొకరు చిన్న ఇత్తడి సుత్తితో తట్టాలి. అంతా తగరం గడ్డకట్టేలోపే జరగాలి.

చూసి చెప్పేది నేను. మొదట్లో ఆయన కూడా ఒకసారి వంగి సరిచూసుకునేవాడు. తర్వాత మానేశాడు. రెండు కళ్లకీ పొర కమ్మిందని దుకాణంలో నాకొక్కడికే తెలుసు. ఆపరేషన్ అంటే ఆయనకి భయం. ‘ఒరే మద్రాసీ, నా కళ్లు ఇంక నీ జేబులో ఉన్నాయి, పారేసుకోకు’ అని నవ్వేవాడు. యజమానికి తెలియకుండా ఏడాదిపైన అలాగే నెట్టుకొచ్చాం.

ఒక వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి ఉంది. మెయిన్ రోడ్డు మీద ఎర్రజెండాల ఊరేగింపు వెళ్తోంది. జల్పాయిగురి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తండ్రి తుపాకీ మా బల్లమీద ఉంది. తగరం కరిగింది. ఉస్తాద్ తట్టాడు. సైటు దారానికి ఎడమపక్క, బియ్యపుగింజ మందాన ఆగింది. నాకు స్పష్టంగా కనిపించింది.

“బోల్,” అన్నాడు ఆయన. చెప్పమని.

“ఠిక్ ఆఛే, ఉస్తాద్,” అన్నాను. సరిగ్గా ఉందని.

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. ఆ క్షణంలో నోరు జారిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అలా చెప్పాలని ఆ ఉదయం బస్సులోనే అనుకున్నాను. అన్నాక కూడా దిద్దుకోవడానికి వ్యవధి ఉంది. మనసులో లెక్కపెట్టాను. పన్నెండు దగ్గర తగరం మెరుపు పోయి బూడిదరంగుకి తిరిగింది.

నాలుగు రోజులకి ఆ పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. గుళ్లన్నీ జానెడు ఎడమకి పోతున్నాయని మెల్లగానే చెప్పాడు. యజమాని రైఫిలు వెలుతురులో చూసి ఉస్తాద్ చేతికిచ్చాడు. ఆయన దాన్ని కంటికి ఎత్తలేదు. బొటనవేలి గోరుతో సైటు ఎడమ అంచు తడిమాడు, కుడి అంచు తడిమాడు, మళ్లీ ఎడమది. తర్వాత నా వైపు ముఖం తిప్పాడు. దారం ఎవరు చూశారని యజమాని అడిగాడు.

“నేనే,” అన్నాడు ఉస్తాద్. “నా కళ్లు పోయాయి బాబూ. ముందే చెప్పాల్సింది.”

ఆ సాయంత్రమే పనిముట్లు గుడ్డసంచిలో సర్దుకున్నాడు. బస్సుదాకా సంచి మోస్తానన్నాను. వద్దన్నాడు.

మర్నాడు కిటికీ బల్ల నాదైంది. మొదటి పని ఆ సైటు ఊడదీసి మళ్లీ అతకడం. సెగ పెట్టి లేపితే, అడుగున తగరం మూలమూలకీ ఒకే మందాన పరుచుకుని ఉంది. సూదిమొనంత ఖాళీ లేదు. ఆయన చేతిలో తప్పేమీ లేదు.

పదిహేను రోజులు తటపటాయించి మెటియాబ్రుజ్ వెళ్లాను. కొడుకుల కుట్టుమిషన్ల మధ్య పీటమీద కూర్చుని చొక్కాలు మడతపెడుతున్నాడు. అంతా చెప్పాను, బస్సులో అనుకున్నది కూడా. ఆయన చేతులు ఆగలేదు.

“ఆ సైటు మళ్లీ అతికావా?”

అతికానన్నాను.

“దారం ఎవరు చూశారు?”

ఎవరూ లేరని, తట్టి, వెంటనే వెనక్కొచ్చి నేనే చూసుకున్నానని చెప్పాను.

“మరి సరిగ్గా ఉందని నీకెవరు చెప్పారు?”

కోడలు టీ తెచ్చి పెట్టింది. ఆయన తిట్టి ఉంటే లేచి రావడం తేలికయ్యేది. పోనీలే అని ఉన్నా తేలికయ్యేది. చల్లారిపోతుంది తాగమని, ఇంకో చొక్కా అందుకున్నాడు.

ఆ బల్ల దగ్గర ఇంకా పంతొమ్మిదేళ్లు పనిచేశాను. ప్రతి సైటూ ఒంటరిగానే అతికాను. పక్కన నిలబడి చూసి చెప్పమని ఎవరినీ పిలవలేకపోయాను.