కొమ్మకు కట్టిన బిస్కెట్లు

నా చిన్నప్పుడు ఒక ఏడు క్రిస్మస్‌కు మా ఇంట్లో పొయ్యి మీద మూకుడు ఎక్కలేదు. మాది రెంటచింతల. ఆ వేసవిలోనే మా తాతయ్య పోయాడు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పిండివంటలు చేయకూడదని మా వైపు గట్టి పట్టింపు. ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా ఆ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట. పక్క వీధిలో ఉండే మా పెదనాన్న, ఇంటికి పెద్దకొడుకు కాబట్టి, ముందే తేల్చి చెప్పేశాడు. ఈసారి అరిసెలు లేవు, తినేవి ఏవీ చేయొద్దు, పొద్దున చర్చిలో పూజకు వెళ్లి రావడమే పండగ అన్నాడు.

నాకు అప్పటికి కాస్త తెలివి వచ్చింది కాబట్టి నోరు మూసుకున్నాను. మా తమ్ముడు మరీ చిన్నవాడు, వాడు ఊరుకోలేదు. "తాత ఎందుకు సచ్చిపోయాడు, అరిసెలు లేకుండా జేశాడు" అని వాకిట్లో కూర్చుని తాతయ్య మీద అలిగాడు. మొన్నటిదాకా ఆయన భుజం దిగని పిల్లవాడు. ఆ మాట లోపల పప్పు రుబ్బుతున్న నాయనమ్మ చెవిన పడింది. రుబ్బే చేయి ఆగిపోయింది. ఆమె ముఖం చూస్తే నాకు భయం వేసింది.

మర్నాడు మైదా, చక్కెర, డాల్డా సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని మాచర్ల బస్సు ఎక్కింది. అక్కడ రొట్టెల భట్టీ నడిపే సాయిబు గారు మా తాతయ్యకు స్నేహితుడు. మన సరుకు మనం పట్టుకెళితే బిస్కెట్లు కాల్చి ఇచ్చేవాడు. పెదనాన్న వద్దన్నాడు కదా అని నేను బస్సులో గొణిగాను.

"మూకుడు పెట్టొద్దన్నాడు, పెట్టట్లా. తినేయి చెయ్యొద్దన్నాడు. ఇయ్యి పండక్కి వాకిట్లో పాతే కొమ్మకు కట్టుకునేయి. ఏమే, తోరణాలు ఎవరన్నా తింటారా?" అంది నాయనమ్మ. ప్లీడర్లు కూడా అంత తడుముకోకుండా చెప్పలేరు.

భట్టీ దగ్గర ఆమె చాకుతో పిండిని నక్షత్రాలుగా, చేపలుగా, పావురాలుగా కోసింది. పావురాలు అచ్చం మా ఇంటి కోళ్లలాగే వచ్చాయి. దారం కట్టడానికి ఒక్కోదానికి చీపురుపుల్లతో చిల్లి పొడవడం నా పని. తీరా కాలి బయటికి వచ్చాక చూస్తే, పిండి పొంగి చిల్లులన్నీ పూడుకుపోయాయి. సూదితో పొడవబోతే బిస్కెట్టు రెండు ముక్కలైంది. గదంతా కమ్మటి వాసన, నాకేమో ఏడుపు. చిల్లి లేకపోతే అవి తోరణాలు కావు, ఉత్త మిఠాయి. మిఠాయిని నాయనమ్మ మా గడప దాటించదు. కొడుకు మాట మీరకుండా పక్కనుంచి దారి చేసుకుందే గానీ, అబద్ధం ఆడే మనిషి కాదు. ఆ పళ్లెం మొత్తం భట్టీలో పనిచేసేవాళ్లకు ఇచ్చేసి, మిగిలిన పిండి వంక చూస్తూ కూర్చుంది.

సాయిబు గారు పెరట్లోకి వెళ్లి ఆముదపు ఆకు ఒకటి కాడతో సహా కోసుకొచ్చాడు. ఆ కాడ లోపల బోలుగా ఉంటుంది. దాన్ని పిండిలో గుచ్చి తీస్తే గుండ్రంగా ముక్క ఊడివచ్చి పెద్ద చిల్లి పడింది.

"ఈ కాడతోనే అన్న మా పిల్లోడికి సబ్బునీళ్ల బుడగలు ఊదటం నేర్పాడు వదినా" అన్నాడు.

నాయనమ్మ అప్పుడు ఏడ్చింది. తాతయ్య పోయాక బయటివాళ్ల ముందు ఆమె ఏడవడం నేను చూసింది అదే. కళ్లు తుడుచుకుని రెండో పళ్లేనికి తనే చిల్లులు పొడిచింది. ఈసారి ఒక్కటీ పూడలేదు.

పండగ పొద్దున పూజ అయ్యాక పెదనాన్న మా ఇంటికి వచ్చేసరికి, వాకిట్లో పాతిన తుమ్మకొమ్మ నిండా చేపలు, నక్షత్రాలు, కోళ్లు వేలాడుతున్నాయి. ఆయన ముఖం చిట్లించి, "ఏందమ్మా ఇదంతా?" అన్నాడు. తోరణాలు అంది నాయనమ్మ. ఆ తేడాలేవీ తెలియని మా తమ్ముడు ఈలోపే ఒక చేపను దారంతో సహా పీకి కొరికేశాడు. అందరం బిగుసుకుపోయాం.

నాయనమ్మ గొంతు పెంచలేదు. "మీ నాయిన పేరు ఈ పిల్లల నోట తిట్టు లాగా రాగూడదురా. ఆయన కోసం ఏడవటానికి నేనున్నా. ఈళ్లను వదిలెయ్" అంది.

పెదనాన్న కొమ్మ దగ్గరికి నడిచాడు. ఒక నక్షత్రం తెంపి నా చేతిలో పెట్టి, ఇంకొకటి తన నోట్లో వేసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మా తమ్ముడు మాత్రం నోటినిండా బిస్కెట్టుతో, తాత ఉంటే పై కొమ్మ అందుకోవడానికి తనను ఎత్తుకునేవాడని పెదనాన్నకు చెప్పుకొచ్చాడు. నెలల తర్వాత వాడు తాతయ్య గురించి ప్రేమగా మాట్లాడింది అప్పుడే.

ఇప్పుడు నాకు మా నాయనమ్మ వయసు వచ్చింది. ఎవరింట్లో చావు జరిగినా, పలకరించడానికి వెళితే నేను ముందు పిల్లలెక్కడున్నారో చూస్తాను. పోయినవాళ్ల గురించి నవ్వొచ్చే సంగతి ఏదో ఒకటి వాళ్లచేత చెప్పిస్తాను. పెద్దవాళ్లు గుర్రుగా చూస్తే చూడనీ. మా కోడలికి కూడా చెప్పి ఉంచాను, నేను పోతే ఆ ఏడు పిల్లలకు పండగ ఆపొద్దని. "అయ్యేం మాటలత్తయ్యా" అని కసురుకుంటుంది. కసురుకుంటే కసురుకోనీ. నా పేరు వినగానే నా మనవరాలికి నోరూరాలి.