చీకటిమూల ఛాంపియన్

ఆ రోజుల్లో మనిషి గొప్పతనాన్ని కొలవడానికి చుట్టాల దగ్గర బోలెడు కొలతలుండేవి. మార్కులు, ఎత్తు, చేతులు వదిలేసి సైకిల్ తొక్కడం, పెద్దవాళ్లతో మాట్లాడే తీరు. వీటన్నిటిలోనూ మిర్యాలగూడలో ఉండే మా మేనత్త కొడుకు, అంటే మా బావ, నాకంటే ముందుండేవాడు. పెద్దవాడా అంటే ఒక్క ఏడాదే. "బావను సూసి నేర్సుకోరా, జర తెలివొస్తది" అని మా నాయనమ్మ నెలకోసారైనా అనేది. నాకంటూ మిగిలిన విద్య ఒక్కటే, కంప్యూటర్లో తుపాకీ ఆట. తెరమీద తుపాకీ, దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రమే కనబడే రకం. (మిగతా మనిషి మనమే.) అందులో సూర్యాపేటలో నన్ను కొట్టినవాడు లేడు. ఆ ఒక్కటీ పోతే ఇక నా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదని నాకు బాగా తెలుసు.

మా కాలేజీ పక్క సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. దాని యజమానిని అందరం నెట్టన్న అనేవాళ్లం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని కాలం కాబట్టి ఇన్వర్టర్ బ్యాటరీని కన్నబిడ్డలా చూసుకునేవాడు. ఫ్యాన్ వేయనిచ్చేవాడు కాదు. అది చాలదన్నట్టు ఆరు మానిటర్ల వెలుతురునూ అడుగంటా తగ్గించి, మళ్లీ ఎవరూ పెంచకుండా మీటల మీద నల్లటేపు అంటించాడు. నేను ఆట నేర్చిందే ఆ తెరల మీద. అందుకని ఆ చీకటి ఆటలోనే ఉందనుకున్నాను. "అన్నా, బొమ్మ జర మసకగున్నది" అని కొత్తవాడెవడైనా అంటే, "యుద్ధమంటే గట్లనే ఉంటదిరా. ట్యూబులైట్లు పెట్టుకొని కొట్లాడ్తరా ఎవరన్నా?" అని నెట్టన్న నోరు మూయించేవాడు. నిజమే కదా అనిపించేది.

మేం బాంబు ఆట అని పిలుచుకునే ఆటలో ఒక గోదాము ఉండేది. దాని వెనక మూల, చెక్కపెట్టెల పక్కన నేను నిలబడితే దేవుడికి కూడా కనబడను. కదలకుండా, ఊపిరి కూడా బిగబట్టి (ఆటలో ఊపిరికి పనిలేదు, అయినా బిగబట్టేవాణ్ణి), వచ్చినవాణ్ణి వచ్చినట్టు కాల్చేవాణ్ణి. సెంటర్లో నన్ను 'దయ్యం' అనేవాళ్లు. ఆ పేరు విన్నప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ఈ కీర్తి ఒక గృహప్రవేశంలో బావ చెవిన పడింది. "మీ పేటల ఆడితే ఏం లెక్క? కోదాడకు రా. అటు నీ ఊరు గాదు, ఇటు నా ఊరు గాదు. సూస్కుందాం" అన్నాడు. సరేనన్నాను. గెలిచి వచ్చాక నాయనమ్మతో ఏ మాట అనాలో, ఏ గొంతుతో అనాలో బస్సులో కోదాడ దాకా మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను.

కోదాడ సెంటర్ కొత్తది. జనరేటర్ ఉంది. ఆట మొదలైంది, తెర వెలిగింది. పైన నీలంగా ఆకాశం! ఆ ఆటలో ఆకాశం ఉందనే సంగతి నాకప్పటిదాకా తెలియదు. గోడలు ఇసుకరంగులో ఉన్నాయి. నేలమీద నీడలున్నాయి. వేరే ఆట పెట్టారేమోనని అడిగాను కూడా. గోదాములోకి పరుగెత్తి నా మూలలో నిలబడ్డాను. బావ తాపీగా వచ్చి కాల్చాడు. మళ్లీ అదే మూలకు వెళ్లాను, మళ్లీ కాల్చాడు. నాకు ఇంకో విద్య రాదు మరి. ఆరోసారికి వెనక నిలబడి చూస్తున్న సెంటర్ యజమాని ఉండబట్టలేకపోయాడు. "ఏంటి తమ్ముడూ, అక్కడ అలా నిలబడ్డావ్? ఫొటో తీయాలా?" అన్నాడు. సెంటరంతా గొల్లుమంది. చివరికి నా ఖాతాలో ఒక్క మనిషీ పడలేదు. బావ నవ్వలేదు, ఏమీ అనలేదు. బస్సెక్కేముందు భుజం తట్టాడంతే. నవ్వినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఆ తరవాత నేను మౌస్ పట్టుకుంది కూరగాయల రేట్లు చూడ్డానికే.

మొన్న ఎండాకాలం మిర్యాలగూడలో బావ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. బావ కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. పాత తుపాకీ ఆటలు ఇప్పుడెలా ఉన్నాయో కాలేజీకి ఒక వీడియో చేయాలట. మమ్మల్నిద్దర్నీ ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. మొదట రాక్షసుల ఆట పెట్టింది. దాన్ని తలుచుకుని నేను కుర్రతనంలో దుప్పటి ముసుగేసుకున్నవాణ్ణి, ఆ సంగతి ఆ పిల్లకు ముందే చెప్పాను కూడా. తీరా చూస్తే రాక్షసుడు అట్టముక్క! వాడి చుట్టూ ఎటు తిరిగినా మొహమే కనబడుతోంది. "వీనికి వీపు లేదా మామా? దీనికా భయపడ్డవ్?" అంది. తరవాత యుద్ధం ఆట. అప్పట్లో అది అచ్చం నిజంలా ఉందని ప్రమాణం చేసి చెప్పేవాళ్లం. ఇప్పుడు చూస్తే సైనికుడి వేళ్లన్నీ అతుక్కుపోయి చెయ్యి అన్నం గరిటెలా ఉంది. మాట్లాడితే పెదవులు కదలవు, గడ్డం కదులుతుంది. బావ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసి, "గీన్నా మనం అసలు మనుషులనుకున్నది?" అన్నాడు. నిజంలా ఉండాలని తాపత్రయపడిన ఆటే అన్నిటికంటే ముసలిదైపోయింది. అట్టముక్క రాక్షసుడు ముందునుంచీ బొమ్మే కాబట్టి వాడికేమీ కాలేదు. ఆ పిల్ల కాసేపటికే వాడితో పోట్లాటలో పడి మమ్మల్ని మరిచిపోయింది.

చివరికి బాంబు ఆట పెట్టింది. "దీనికేం గాలే మామా, మంచిగనే ఉన్నది" అంది. నిజమే, దానికేమీ కాలేదు. పట్టపగటి వెలుతురులో గోదాము, చెక్కపెట్టెలు, ఆ మూల. నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లూ గొంతులో ఉన్నది బయటికి వచ్చేసింది.

"బావా, కోదాడ సంగతి ఇంట్ల అందరికి ఎట్ల చెప్పినవ్?"

"ఏం సంగతి?" అన్నాడు. గుర్తుచేసుకోవడానికి అతనికి కొంచెం టైం పట్టింది. "ఓ, గదా? ఎవ్వరికి చెప్పలే. ట్యూషన్ అని చెప్పి వచ్చిన గద. మా నాయనకు తెలిస్తే తోలు తీస్తుండె."

"మరి గది అయినంక మా అక్క పెండ్లిల అందరు నన్ను సూసి నవ్విండ్రు గద?"

"నీ పసుపుపచ్చ ప్యాంటు సూసి నవ్విండ్రు" అన్నాడు. అని, నా మొహంలోకి చూసి, నవ్వు ఆపేశాడు. "అరేయ్, నా పెండ్లికి గందుకే రాలేదా నువ్వు?"

ఆ పిల్లకు మా మాటలు సగమే వినబడ్డట్టున్నాయి. పెళ్లి అనగానే లేచి ఆల్బం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బావ చుట్టూ మా వరసవాళ్లంతా నిలబడి, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఉన్నారు. ఆ పిల్ల వేలితో ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయి, "నువ్వేడున్నవ్ మామా ఇందుల?" అంది.

"ఆయనకు పరీక్షలుండె బిడ్డా" అన్నాడు బావ. అక్షరాలా నేను అప్పట్లో చెప్పి పంపిన అబద్ధమే అది. బావ పెళ్లి భోజనం మానుకుని సూర్యాపేట బస్టాండులో ఒంటరిగా ఇడ్లీ తిన్న ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తిట్టాలో, పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో ప్లేటు చెప్పాలో నాకు తెలియడం లేదు.